పందొమ్మిది ఔన్సుల పూల్ కర్ర: అయిదు నెలల వాడకం తరువాత

విజయవాడ మొగల్రాజపురంలో నేను వారానికి మూడు సాయంత్రాలు పూల్ (బల్ల మీది బంతులను కర్రతో గుంటల్లోకి కొట్టే ఆట) ఆడే పార్లర్‌లో గోడకు ఆనించి ఉంచే కర్రల్లో తిన్నగా ఉన్నవి రెండే. ఆ రెండూ ఎప్పుడు వెళ్ళినా మనకంటే ముందు వచ్చినవారి చేతుల్లో ఉంటాయి. సొంత కర్ర కొనుక్కోవాలన్న ఆలోచన అక్కడే పుట్టింది. ఇప్పుడు వాడుతున్నది నా మూడో కర్ర, మొదటి రెండింటి సంగతి చెప్పకుండా దీని గుణం చెప్పడం కుదరదు.

మొదటిదాన్ని ఊళ్ళోనే ఒక క్రీడా సామగ్రి దుకాణంలో, "స్నూకర్‌కైనా పూల్‌కైనా ఇదే వాడతారు సార్" అన్న మాట నమ్మి కొన్నాను. అది యాష్ చెక్కతో చేసిన స్నూకర్ క్యూ, అంటే స్నూకర్ కర్ర, టిప్ (బంతికి తగిలే కొన మీది తోలు బిళ్ళ) వెడల్పు 9.5 మిల్లీమీటర్లు. స్నూకర్ బంతి వ్యాసం 52.5 మిల్లీమీటర్లయితే పూల్ బంతిది 57.15, బరువు కూడా పూల్ బంతికే ఎక్కువ. చిన్న బంతి కోసం సన్నగా చెక్కిన కర్రతో ఆ పెద్ద బంతులను రోజూ బాదేసరికి నెల తిరక్కుండానే టిప్ అంచులు పుట్టగొడుగులా బయటికి విచ్చుకున్నాయి.

రెండోది ఆన్‌లైన్‌లో తెప్పించిన 21 ఔన్సుల కర్ర, అంటే దాదాపు 595 గ్రాములు. బరువుంటే బలం వస్తుందనుకున్నాను, బ్రేక్‌లో, అంటే ఆట మొదట్లో గుంపుగా పేర్చిన బంతులను చెదరగొట్టే దెబ్బలో, వచ్చింది కూడా. అయితే నేను గట్టిగా కొట్టే ఆటగాణ్ణి కాను. మెల్లగా కొట్టి, తరువాతి బంతికి అనువైన చోట తెల్ల బంతిని ఆపుకోవడమే నా ఆట. ఆ కర్రతో తెల్ల బంతి ప్రతిసారీ నేననుకున్న చోటు దాటి జానెడు ముందుకు పోయేది, దాన్ని అదుపు చేయాలని నేను పిడికిలి ఇంకా బిగించేవాణ్ణి. పార్లర్‌కు వచ్చే ఒక పెద్దాయన రెండు ఆటలు చూసి, "కర్రను నువ్వు పట్టుకున్నావా, అది నిన్ను పట్టుకుందా, తమ్ముడూ?" అని అడిగారు.

మూడోదాన్ని, బెంజి సర్కిల్ వైపు ఉన్న ఒక చిన్న దుకాణంలో, అక్కడి బల్ల మీద అరగంట ఆడి చూసిన తరువాతే కొన్నాను. ధర 7,800 రూపాయలు. మేపుల్ చెక్క, రెండు ముక్కలు, పొడవు 58 అంగుళాలు, బరువు 19 ఔన్సులు (సుమారు 540 గ్రాములు), పొరలు పొరలుగా అతికించిన తోలు టిప్, దాని వెడల్పు 12.5 మిల్లీమీటర్లు. వంకర లేదని తేల్చుకోవడానికి మొదట షాఫ్ట్‌ను (టిప్ ఉండే ముందు ముక్కను) విడిగా, తరువాత రెండు ముక్కలూ బిగించి బల్ల మీద దొర్లించి, టిప్ కింద వెలుతురు సందు వణకకుండా ఉందో లేదో చూశాను. అదే కంపెనీ తయారీలో చేతిపట్టు మీద నగిషీలున్న కర్ర మూడు వేలు ఎక్కువ, కానీ షాఫ్ట్ మాత్రం ఇదే. ఆ మూడు వేలు దండగ అని నా అభిప్రాయం.

నాకు అసలు నమ్మకం కుదిరింది చారల బంతితో. 9వ నంబరు బంతిని పసుపు చార నిట్టనిలువుగా నిలిచేలా పెట్టి, తెల్ల బంతికి బదులు దాన్నే కొట్టి చూస్తే, టిప్ తగిలిన చోట, టిప్‌కు రాసే నీలి చాక్ మచ్చ పడుతుంది. చార కుడి అంచున కొట్టాననుకున్నప్పుడు మచ్చ కూడా అక్కడే ఉంటే చెయ్యి తిన్నగా వెళ్ళినట్టు. పాత కర్రతో పదింటిలో మూడు నాలుగు పక్కకు పడేవి, దీనితో ఒకటో రెండో. తెల్ల బంతిని నడిమికి కుడిగా కొడితే అది గురిపెట్టిన గీతకు కాస్త ఎడమగా బయలుదేరుతుంది. ఎంత తొలగుతుందన్నది కర్ర మొత్తం బరువు కంటే టిప్ వైపు చివరి కొద్ది అంగుళాల బరువు మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. ఆ భాగాన్ని బోలుగా చేసి తొలగుడు తగ్గించిన ఖరీదైన షాఫ్ట్‌లు ఉన్నాయి. నాది గట్టి చెక్కే కనుక తొలగుడు ఉంది, అయితే నిన్న ఎంతో నేడూ అంతే కావడంతో రెండు వారాల్లో గురి దానికి తగ్గట్టు సర్దుకుంది.

లోపాలు లేకపోలేదు. షాఫ్ట్ మీద మెరుగు మరీ ఎక్కువ కావడంతో మన కృష్ణాతీరపు ఉక్కపోతలో అది వేళ్ళ మధ్య జిగురులా పట్టేస్తుంది. పౌడరు చల్లితే బల్ల గుడ్డ పాడవుతుంది. చివరికి బాగా నునుపు రకం ఉప్పుకాగితంతో ఆ మెరుగును పైపైన తీసేసి, ఆటకొకసారి పొడిగుడ్డతో తుడుస్తున్నాను. దానితో ఇచ్చిన సంచి పలచటిది, జిప్పు రెండో నెలలోనే ఊడింది. దుకాణదారు చెప్పిన జాగ్రత్త ఒకటి మాత్రం అక్షరాలా పాటిస్తున్నాను: రోహిణి కార్తె ఎండల్లో దీన్ని కారులో వదలడం లేదు.

టిప్ ఇంకా మొదటిదే, గుండ్రం చెడలేదు. అందుకు కారణం, బ్రేక్ కొట్టడానికి ఆ 21 ఔన్సుల కర్రనే వెంట తీసుకువెళుతున్నాను.