పది ప్రశ్నల కార్డు మధ్యేమార్గ లిబర్టేరియన్‌ను ఎక్కడ కూర్చోబెడుతుంది?

అమెరికా రాజకీయాల్లో తానెటువైపో తేల్చుకోవాలనుకునేవారి చేతికి ముందుగా వచ్చేది వరల్డ్స్ స్మాలెస్ట్ పొలిటికల్ క్విజ్. విజిటింగ్ కార్డు మీద పట్టేంత చిన్నది. పది ప్రశ్నలు, రెండు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. అడ్వకేట్స్ ఫర్ సెల్ఫ్ గవర్నమెంట్ సంస్థను పెట్టిన మార్షల్ ఫ్రిట్జ్ 1980లలో దీన్ని తయారుచేశాడు. దానికి ఆధారమైన పటం డేవిడ్ నోలన్‌ది. సర్కారు జోక్యం వీలైనంత తక్కువగా, వ్యక్తి స్వేచ్ఛ వీలైనంత ఎక్కువగా ఉండాలనే లిబర్టేరియన్ పార్టీని 1971లో కొలరాడోలో మొదలుపెట్టినవాళ్లలో ఆయన ముఖ్యుడు. సైట్‌లో ప్రశ్నల మాటలు అప్పుడప్పుడు మారుతుంటాయి. ఇక్కడ చెప్పేది ఎక్కువకాలం చేతులు మారిన కార్డు గురించి.

ముందే చెప్పాలంటే, గట్టి లిబర్టేరియన్‌ను ఇది ఇట్టే పట్టేస్తుంది. స్వేచ్ఛా వ్యాపారం, తక్కువ పన్నులు, వ్యక్తిగత విషయాల్లో సర్కారు జోక్యం వద్దనుకుంటూనే, వృద్ధులకు పెన్షనూ పేదవాడికి కాస్త ఆసరా ఉండాలనుకునే మధ్యేమార్గ లిబర్టేరియన్ దగ్గరే తడబడుతుంది. ఇవాళ అక్కడ రాజకీయంగా తమదనే చోటు దొరక్క తిరుగుతున్నది వీళ్లే కాబట్టి ఈ లోపం చిన్నది కాదు.

లెక్క ఎలా వేస్తారంటే, అయిదు ప్రశ్నలు వ్యక్తిగత విషయాల మీద, అయిదు ఆర్థిక విషయాల మీద. 'ఒప్పుకుంటాను' అంటే 20, 'ఏమో' అంటే 10, 'ఒప్పుకోను' అంటే 0. ఒక్కో విభాగానికి వంద. రెండు అంకెలనూ వజ్రం ఆకారంలో నిలబెట్టిన పటం మీద గుర్తిస్తే, పై కొనలో లిబర్టేరియన్లు, కింది కొనలో అన్నీ సర్కారే చూసుకోవాలనేవాళ్లు, ఎడమన లిబరల్స్, కుడిన కన్జర్వేటివ్స్, నడుమ సెంట్రిస్టులు. ఎడమ, కుడి అనే ఒకే గీత మీద అందరినీ వరసగా నిలబెట్టే పద్ధతికంటే ఇది ఎంతో మేలు. మాదకద్రవ్యాల చట్టాలు వద్దనేవాడు పన్నుల దగ్గర రిపబ్లికన్‌లా మాట్లాడితే ఆ ఒంటి గీత మీద అతనికి చోటే ఉండదు. ఆ మేలు నోలన్‌దే.

ఒక మధ్యేమార్గ లిబర్టేరియన్ చేత ఈ కార్డు నింపించి చూద్దాం. వాక్‌స్వాతంత్ర్యానికి సెన్సార్ వద్దు: 20. నిర్బంధ సైనిక సేవ వద్దు: 20. ఇష్టపడిన పెద్దవాళ్ల మధ్య వ్యవహారానికి చట్టాలు వద్దు: 20. మాదకద్రవ్యాలు వాడే పెద్దవాళ్ల మీద చట్టాలన్నీ ఎత్తేయాలా? గంజాయికి సరే, ఫెంటనిల్ లాంటి ప్రాణాంతక మత్తుమందు సంగతి ఏమిటని ఆగుతాడు: 10. జాతీయ గుర్తింపు కార్డు వద్దా? ఏమో: 10. మొత్తం 80. ఇక ఆర్థికం. కంపెనీలకు సర్కారు సాయం ఆపాలి: 20. విదేశీ వ్యాపారానికి అడ్డంకులు తీసేయాలి: 20. సోషల్ సెక్యూరిటీని, అంటే వృద్ధులకు సర్కారు ఇచ్చే పెన్షన్ పథకాన్ని, ప్రైవేటుపరం చేయాలా? ఏమో: 10. సర్కారు సంక్షేమం బదులు ప్రైవేటు దానధర్మాలు చాలా? ఒప్పుకోను: 0. పన్నులు, ఖర్చులు సగానికి సగం తగ్గించాలా? ఏమో: 10. మొత్తం 60.

80, 60 అంటే పటం మీద నడిమికి పైన, కాస్త ఎడమకు. కానీ ఆ 60 ఎలా వచ్చిందో చూడండి. సోషల్ సెక్యూరిటీ మీద అతని 'ఏమో' తెలియక అన్నది కాదు. రిటైర్మెంట్ వయసు పెంచి, పై ఆదాయాలవారికి చెల్లింపులు తగ్గించి పథకాన్ని నిలబెట్టాలన్న ఖరారైన అభిప్రాయం అతనిది. ఆ ప్రశ్న ఎప్పుడూ ఆలోచించనివాడికీ అవే 10 మార్కులు. సంక్షేమం ప్రశ్న ఇంకా అన్యాయం. పేదలకు నేరుగా నగదు అందేలా నెగటివ్ ఇన్‌కం టాక్స్ పెట్టమని 1960లలో గట్టిగా వాదించినవాడు స్వేచ్ఛా మార్కెట్‌ను సమర్థించే ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్. ఆ దారిని సమర్థించేవాడు ఇక్కడ నిజం చెబితే సున్నా. అంటే కార్డు దృష్టిలో మధ్యేమార్గం అనేది వేరే దారి కాదు, గట్టి లిబర్టేరియన్ దారిలోంచి కొంత కోసేసిన ముక్క. చిక్కంతా ఇక్కడే ఉంది.

రెండో లోపం అడగని ప్రశ్నల్లో ఉంది. శాంతియుతంగా ఉండే జనాన్ని సరిహద్దులు స్వేచ్ఛగా దాటనివ్వాలా అనే ప్రశ్న పాత కార్డుల్లో ఉండేది. తర్వాత దాని చోటులోకి జాతీయ గుర్తింపు కార్డు ప్రశ్న వచ్చింది. ఇవాళ లిబర్టేరియన్లను నిలువునా చీల్చే విషయాల్లో వలస ఒకటి, అదే కార్డులో లేదు. అధ్యక్షుడి అధికారం సంగతీ అంతే. 2025 ఏప్రిల్ 2న ట్రంప్ ప్రపంచ దేశాల మీద సుంకాలు ప్రకటించినప్పుడు, లిబర్టీ జస్టిస్ సెంటర్ అనే లిబర్టేరియన్ న్యాయసంస్థ చిన్న దిగుమతిదారుల తరఫున కోర్టుకెక్కింది. మే 28న కోర్ట్ ఆఫ్ ఇంటర్నేషనల్ ట్రేడ్ వాళ్ల వాదనతో ఏకీభవించింది. అక్కడ వాదన సుంకం మంచిదా చెడ్డదా అన్నదాని మీద నడవలేదు. కాంగ్రెస్ చేయాల్సిన పని అత్యవసర చట్టం పేరుతో అధ్యక్షుడు ఒక్కడే చేయవచ్చా అన్నదే ప్రశ్న. మధ్యేమార్గ లిబర్టేరియన్‌కు ఇవాళ ఇదే గీటురాయి. కార్డులో దీనికి జాగా లేదు.

అందువల్ల కొట్టుకునేవాళ్లంతా ఒకే గడిలో పడతారు. 2022 మేలో రీనో మహాసభలో పార్టీలోని గట్టి వర్గమైన మీసెస్ కాకస్ లిబర్టేరియన్ పార్టీని చేతిలోకి తీసుకుంది. అబార్షన్ విషయం సర్కారు వ్యక్తులకే వదిలేయాలన్న వాక్యాన్ని మేనిఫెస్టోలోంచి తీసేసింది. 2024 మేలో వాషింగ్టన్ మహాసభకు ట్రంప్‌ను పిలిస్తే సభలోంచి గట్టిగా కేకలు, నిరసనలు వచ్చాయి. అదే సభ చివరికి ఆ కాకస్‌కు నచ్చని చేస్ ఆలివర్‌ను అభ్యర్థిగా ఎన్నుకుంది. కార్డు నింపిస్తే రెండు పక్షాలూ పై కొనకు చేరతాయి. ఓట్ల లెక్క మాత్రం వేరే కథ చెబుతుంది. ఇద్దరు మాజీ రిపబ్లికన్ గవర్నర్లు, గ్యారీ జాన్సన్, విలియం వెల్డ్ 2016లో లిబర్టేరియన్ పార్టీ తరఫున నిలబడి సుమారు 45 లక్షల ఓట్లు, 3.3 శాతం తెచ్చారు. 2020లో జో జోర్గెన్సన్‌కు 1.2 శాతం. 2024లో ఆలివర్‌కు 0.4. మధ్యేమార్గం వాళ్లలో చాలామంది పార్టీని వదిలేశారనడానికి ఈ జారుడే చాలు. 2016లో ట్రంప్, హిల్లరీ క్లింటన్ అనే ఇష్టంలేని ఇద్దరి మధ్య నలిగి వచ్చిన ఓట్లూ అందులో ఉన్నాయన్నది నిజమే, కానీ పడిపోయినదంతా దాని ఖాతాలో వేయలేం.

ఇంతకీ ఇలాంటివాళ్లు ఎందరున్నారు? ప్రశ్న అడిగే తీరును బట్టి జవాబు మారిపోతుంది. సర్కారు మరీ ఎక్కువ పనులు చేస్తోందా, సంప్రదాయ విలువలను ప్రోత్సహించాలా అన్న రెండు ప్రశ్నలతో గాలప్ సర్వే సంస్థ 2015లో కొలిస్తే 27 శాతం లిబర్టేరియన్లు తేలారు. 2016లో ఓటేసినవారిని చాలా ప్రశ్నలతో కొలిచి రాజకీయ శాస్త్రవేత్త లీ డ్రట్‌మన్ 2017లో పటం గీస్తే ఆ మూలలో మిగిలింది 3.8 శాతం. అదే దేశం, దాదాపు అవే రోజులు. సోషల్ సెక్యూరిటీ, వృద్ధుల వైద్య బీమా మెడికేర్ లాంటి పథకాల గురించి విడివిడిగా అడిగితే చాలామంది వాటిని ఉంచమనే అంటారు. 27కూ 3.8కూ మధ్య ఎగిరిపోయినవాళ్లలో పెద్ద భాగం మధ్యేమార్గం వాళ్లేనని నా అంచనా.

మిగతా పరికరాల గురించి క్లుప్తంగా. పొలిటికల్ కంపాస్ అనే ఆన్‌లైన్ క్విజ్‌లో 62 వాక్యాలు, నాలుగేసి జవాబులు, 'ఏమో' అనే వీలు లేదు. బలవంతంగా ఎటో ఒకవైపు మొగ్గాలి కాబట్టి తటపటాయింపుకు మార్కులు పడే గొడవ తప్పుతుంది. కానీ మొదటి వాక్యమే చూడండి: ప్రపంచీకరణ తప్పనిసరైతే అది ముందు మానవాళికి మేలు చేయాలి, బహుళజాతి కంపెనీలకు కాదు. దీన్ని కాదనేవాడెవడు? స్వేచ్ఛా వ్యాపారం మానవాళికి మేలు చేస్తుందని నమ్మేవాడు కూడా ఔనంటాడు, ఔనంటే ఎడమకు జరుగుతాడు. అందుకే మార్కెట్‌ను ఇష్టపడే మధ్యేమార్గం వాళ్లు తాము అనుకున్నదానికంటే ఎడమన తేలి తికమకపడతారు. పైగా దాని 'లిబర్టేరియన్' అక్షం సామాజిక స్వేచ్ఛను మాత్రమే కొలుస్తుంది. అక్కడ అరాచకవాద సోషలిస్టు కూడా లిబర్టేరియనే. అమెరికాలో ఆ మాటకున్న అర్థం వేరు.

జనాన్ని అభిప్రాయాలను బట్టి గుంపులుగా విడదీసే ప్యూ రీసెర్చ్ వాళ్ల టైపాలజీ క్విజ్ నాణ్యమైనది, వెనక పెద్ద సర్వే ఉంటుంది. 2011 నాటి దానిలో లిబర్టేరియన్స్ అని ఒక గుంపు ఉండేది. 2021 నాటి తొమ్మిది గుంపుల్లో ఆ పేరే లేదు. పన్నుల దగ్గర కుడికి, గంజాయి, అబార్షన్ దగ్గర స్వేచ్ఛకు మొగ్గేవాళ్లు ఎక్కువగా యాంబివలెంట్ రైట్ (అటూ ఇటూ ఊగే కుడిపక్షం) అనే పెట్టెలో పడతారు. పేరు చూసి నొచ్చుకోవద్దు. అది పార్టీలో పక్కకు జరిగిపోయిన వాళ్లను కొంతవరకు సరిగానే వర్ణిస్తుంది.

పనికొచ్చే పరికరం ఏదంటే నా ఓటు 2012లో మొదలైన ఐసైడ్‌విత్‌కు. ఏ అభ్యర్థితో మీ అభిప్రాయాలు ఎంత శాతం కలుస్తాయో చెప్పే ఆన్‌లైన్ క్విజ్ ఇది. ఔను, కాదుతోపాటు మధ్య రకం జవాబులు ఎంచుకోవచ్చు, ఒక్కో విషయం మీకెంత ముఖ్యమో చెప్పవచ్చు. కార్డు దగ్గర సున్నా పడ్డ సంక్షేమం జవాబు ఇక్కడ తన అసలు రూపంలో నమోదవుతుంది. వాడే పద్ధతి: మొదటిసారి ఏ విషయానికీ ప్రత్యేకంగా బరువు పెంచకుండా పూర్తిచేయండి. తర్వాత వ్యాపారం, వలస, కాంగ్రెస్ అధికారాలు, ఖర్చు, ఈ నాలుగింటికే బరువు పెంచి మళ్లీ చేయండి. రెండు ఫలితాల మధ్య తేడా ఎంత పెద్దదైతే పార్టీ పేరు చూసి ఓటేయడం మీకు అంత ప్రమాదం. ఇందులోని లోపం ఏమిటంటే, శాతం ఎక్కువొచ్చిన అభ్యర్థి మీ బ్యాలట్ మీద ఉంటాడో లేదో ఆ శాతం చెప్పదు. న్యూయార్క్‌లో 2024 అధ్యక్ష బ్యాలట్ మీద అచ్చయిన పేర్లు రెండే. 2020లో నిబంధనలు బిగించాక కొత్త పార్టీ రాష్ట్రస్థాయి పిటిషన్‌కు 45,000 సంతకాలు కావాలి. మరోవైపు జార్జియాలో 2022 సెనేట్ ఎన్నికలో ఇదే ఆలివర్‌కు పడ్డ 2.1 శాతం ఓట్లు డెమొక్రాట్ వార్నాక్, రిపబ్లికన్ వాకర్‌లను డిసెంబర్ రన్ఆఫ్‌కు, అంటే రెండో విడత పోటీకి లాక్కెళ్లాయి. ఎక్కడ ఓటేస్తున్నారన్నది ఎవరికి ఓటేస్తున్నారన్నంత ముఖ్యం.

కార్డు మీద తేలిన చోటు ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని తేల్చే ముందస్తు ఎన్నికలో, అక్కరకు రావాలంటే ఓటరుగా ఏ పార్టీ పేరుతో నమోదవుతున్నారో జాగ్రత్తపడాలి. కెంటకీ తీసుకోండి. సెనేట్‌లో రాండ్ పాల్, హౌస్‌లో థామస్ మాసీ ఇద్దరూ అక్కడివారే. 2025లో ట్రంప్ పన్నుల బిల్లుకు అప్పు పెరుగుతుందని అడ్డంగా ఓటేసిన రిపబ్లికన్లు. కానీ అక్కడ ప్రైమరీ మూసిన తలుపు: లిబర్టేరియన్‌గానో ఇండిపెండెంట్‌గానో నమోదైనవాడు రిపబ్లికన్ ప్రైమరీలో వాళ్లకు ఓటేయలేడు. పార్టీ మార్చుకోవాలంటే ముందటి ఏడాది డిసెంబర్ 31లోపే మార్చుకోవాలి. న్యూయార్క్‌లో జూన్ ప్రైమరీకి ఆ గడువు ఫిబ్రవరి 14. ఫ్లోరిడా, పెన్సిల్వేనియాలవి కూడా మూసిన ప్రైమరీలే. కొలరాడోలో పార్టీ లేని ఓటరుకు రెండు పెద్ద పార్టీల బ్యాలట్లూ పోస్టులో ఇంటికొస్తాయి, ఒక్కటి మాత్రమే నింపి పంపాలి. రెండూ నింపి పంపితే ఏదీ లెక్కించరు. కాలిఫోర్నియాలో ప్రైమరీలో మొదటి రెండు స్థానాలవారే నవంబర్‌కు వెళతారు కాబట్టి, కాంగ్రెస్, రాష్ట్ర పదవులకు నిలబడే చిన్న పార్టీ అభ్యర్థికి ఓటేయాలంటే చాలాచోట్ల ఉన్న అవకాశం ప్రైమరీయే.

పది ప్రశ్నల కార్డు నింపి, ఐసైడ్‌విత్ రెండుసార్లు చేసి, మీ రాష్ట్ర ఎన్నికల సైట్‌లో మీ పేరు ఎదురుగా ఏ పార్టీ రాసి ఉందో చూసుకోవడానికి మొత్తం గంట పట్టదు. ఆ మూడో పని ముందు చేయండి, ఎందుకంటే గడువు ఉన్నది దానికొక్కదానికే.