బెట్టను తట్టుకునే మెట్ట వరి పేరుతో అమ్ముతున్న విత్తనంపై హెచ్చరిక

మెట్ట భూముల్లో వరిని నేరుగా విత్తుకునే రైతులు దయచేసి ఇది చదవండి. గత ఖరీఫ్‌లో విజయనగరం జిల్లాలోని మా మెట్ట చేలో, బెట్టను (వాన లేక నేల ఎండిపోవడాన్ని) తట్టుకునే సహభాగి ధాన్ రకం అని చెప్పి ఒక ప్రైవేటు వ్యాపారి అమ్మిన విత్తనం వేశాము. మామూలు వరి విత్తనానికి దాదాపు రెట్టింపు ధర తీసుకున్నారు. మొలక బాగానే వచ్చింది, పిలకలూ వేసింది. తీరా పొట్ట దశలో, అంటే వెన్ను ఇంకా బయటికి రాకముందు, వాన మొహం చాటేయడంతో చేతికొచ్చిన వెన్నుల్లో సగానికి పైగా తాలే. అడిగితే, "వాన లేకపోతే విత్తనం ఏం చేస్తుందండీ?" అని వ్యాపారి తేల్చేశారు. బెట్టను తట్టుకుంటుందని అమ్మడం, పంట పోతే ఆ బెట్ట మీదే నెపం వేయడం ఈ వ్యాపారంలో ఉన్న వెసులుబాటు.

అసలు రకాన్ని నేను తప్పుపట్టడం లేదు. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థతో కలిసి ఝార్ఖండ్‌లోని హజారీబాగ్ మెట్ట వరి పరిశోధన కేంద్రం రూపొందించిన సహభాగి ధాన్ 2009లో ఝార్ఖండ్, ఒడిశాల కోసం విడుదలైంది. మెట్టలో సుమారు 105 రోజులకే కోతకొస్తుంది. ఐఆర్ 64 రకంలోకి బెట్టను తట్టుకునే జన్యుభాగాలను చేర్చి తయారుచేసిన డీఆర్‌ఆర్ ధాన్ 42 కూడా ఇలాంటిదే. అయితే ఇవేవీ నీళ్లు లేకుండా పండే రకాలు కావు. పూత సమయంలో బెట్ట తగిలితే వరి వెన్ను పొట్టలోంచి పూర్తిగా బయటికి రాదు, పుప్పొడి చెడి గింజ కట్టదు. అటువంటప్పుడు మిగతా రకాలు చేతులెత్తేసినా ఈ రకాలు ఎంతో కొంత ధాన్యం ఇస్తాయి. "ఒక్క తడి కూడా అక్కర్లేదు" అని ఎవరైనా చెబితే, ఆ మాటతోనే వారిని అనుమానించవచ్చు.

నష్టం బెట్ట వల్లనా, విత్తనం వల్లనా అన్నది చేలోనే తెలుస్తుంది. ఒకే రకమైతే బెట్ట దెబ్బ నేలను బట్టి ఉంటుంది, అంటే గరువు ఉన్నచోట ఎక్కువగా, పల్లం వైపు తక్కువగా కనిపిస్తుంది. మా చేలో అలా లేదు. ఒకే సాలులో ఒక దుబ్బు పాలు పోసుకుంటుంటే, పక్కనున్న దుబ్బు ఇంకా పొట్టతోనే ఉంది; మధ్యమధ్యలో మిగతావాటికంటే జానెడు ఎక్కువ ఎత్తు పెరిగిన కేళీలు (వేరే రకం మొక్కలు), కొన్నింటి గింజలకు మీసాలు. ఇంత కలగాపులగానికి వాన కారణం కాదు. మొలక శాతం పరీక్షలో ఈ కల్తీ బయటపడదు కాబట్టి, "ల్యాబ్ రిపోర్టు ఉంది" అన్న మాటను రకం స్వచ్ఛతకు హామీగా తీసుకోకండి.

మాకు అమ్మిన సంచికి ఉన్నది ఆకుపచ్చ ట్యాగ్. దాని మీద ఉన్నదంతా అమ్మేవారు సొంతంగా ఇచ్చుకున్న మాటే. విత్తన ధ్రువీకరణ సంస్థ విత్తనం పండించిన చేను చూసి, నమూనా పరీక్షించి ఇచ్చేది నీలం ట్యాగ్. ఆకుపచ్చ ట్యాగ్ ఉన్నవన్నీ నకిలీవని కాదు గానీ, అరుదైన రకానికి రెట్టింపు ధర పెట్టేటప్పుడు నీలం ట్యాగే అడగండి. లాట్ నంబరు, రకం పేరు, పరీక్ష తేదీ ట్యాగ్ మీద ఉండాలి. బిల్లులో "వరి విత్తనం" అని రాసి సరిపెట్టనివ్వకండి, రకం పేరూ లాట్ నంబరూ రాయించుకోండి. ఖాళీ సంచి, ట్యాగ్, గుప్పెడు విత్తనం కోత అయ్యేవరకు దాచుకోండి.

తేడా కనిపిస్తే కోతకు ముందే మండల వ్యవసాయ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, పంట నిలబడి ఉండగానే చేను చూపించండి. విత్తనం మిగల్చలేదని కేసు కొట్టేస్తారేమోనన్న భయం వద్దు. ఆంధ్రప్రదేశ్ రైతుల కేసులో 2012లో సుప్రీంకోర్టు, విత్తనం వల్ల నష్టపోయిన రైతు వినియోగదారుల ఫోరానికి (ఇప్పటి వినియోగదారుల కమిషన్‌కు) వెళ్లవచ్చని, నమూనా దాచలేదని అతణ్ని తప్పుపట్టలేమని చెప్పింది.

మా ఫిర్యాదు ఇంకా విచారణలోనే ఉంది. ఈలోగా అవే సంచులు ఈసారి డీఆర్‌ఆర్ ధాన్ 42 అన్న పేరుతో అదే దుకాణంలో అమ్మకానికి వచ్చాయి.