మన నాణేల గ్రూపుల "లఖీ 5 రూపాయలు" అమ్మే అన్న దగ్గర కొనకుండ్రి, అది వైస్‌ల (బిగించి పట్టే ఇనుప పనిముట్టుల) నొక్కిన బిళ్ళ

కోపంల రాస్తున్న, తప్పులుంటే సదురుకోండ్రి. లఖీ అంటే మింటుల (నాణేలు కొట్టే కార్ఖానల) తప్పు పడి, రెండు దిక్కుల ఒకటే బొమ్మతోని, ఒక దిక్కు గుంతపడి తారుమారై వచ్చిన నాణెం. ఆ అన్న ఎవరో ఇక్కడున్నోళ్ళకు వేరే చెప్పే పని లేదు. పొద్దుగాల లేస్తే "మింట్ ఎర్రర్, ఒక్కటే పీస్, సీరియస్ బయ్యర్స్ మాత్రమే" అని ఫోటోలు పెట్టేటాయన. పేరు రాస్తే లొల్లి అయితది, రాస్తలేను.

హన్మకొండ చౌరస్తా కాడ హోటల్ల కలిసినం. నాణెం 5 రూపాయలది, 2011 తర్వాత వచ్చిన పసుపు రంగు బాపతు. ఒక దిక్కు మూడు సింహాలు ఎప్పటిలెక్కనే ఉన్నయి. అంకె ఉండాల్సిన దిక్కు గూడ అవే సింహాలు, కాకపోతే లోపలికి గుంతపడి, కుడి ఎడమ తారుమారై. లఖీ అంటే ఇదే కదా, మస్తు రోజుల సంది ఎతుకుతున్న. 6,500 చెప్పిండు, 4,800కు తెంపిన. బేరం గెలిచిన్నని చాయ్ పైసలు గూడ నేనే కట్టిన. గంత హుషారు నాది.

నన్నైతే నాణెం ముట్టనియ్యలే. వేలిముద్ర పడ్తె గ్రేడ్ (నాణెం ఎంత మంచిగున్నదనే లెక్క) పోతదట. రుమాలతోని పట్టుకొని జేబుల తూకం తీసి పెట్టిండు. సరిగ్గ 6 గ్రాములు. "డూప్లికేట్ అయితే ఇట్ల వస్తదా తమ్మీ?" అన్నడు. తర్వాత భూతద్దం ఇచ్చి సంవత్సరం కింద సన్నగ కనవడే గుర్తును చూపెట్టిండు. స్టారు. "మన హైదరాబాద్ మింటు గుర్తు, చర్లపల్లిల కొట్టింది, ఇంకేం సాక్ష్యం గావాలె?" అన్నడు. నిజమే, హైదరాబాద్ మింటుకు స్టారు, ముంబైకి డైమండు, నోయిడాకు గుండ్రటి చుక్క, కోల్‌కతాకు ఏ గుర్తూ లేదు. చిన్నప్పటి సంది తెలిసిన ముచ్చటే. ఫోన్‌పే కొట్టిన.

మట్టెవాడల నిజాం నాణేలు జమచేసే పెద్దసారు ఉన్నడు, ఆయనకు చూపెడ్దామని పోయిన, గొప్పకే పోయిన. సారు అద్దం పెట్టి, పట్టుమని నిమిషం గూడ చూడకుండనే అడిగిండు: "లఖీ అంటున్నవ్, మరి ఈ స్టారు ఎక్కడికెల్లి వచ్చిందిర?"

అప్పుడు ఎలిగింది. లఖీ ఎట్ల పుడ్తది? ముందు కొట్టిన నాణెం ఊడిరాకుండ ఒక డైకి (బొమ్మ కొట్టే అచ్చుకు) అంటుకపోతది. తర్వాత వచ్చే ఖాళీ బిళ్ళకు ఒక దిక్కు డై దెబ్బ, ఇంకో దిక్కు ఆ అంటుకున్న నాణెం దెబ్బ పడ్తది. అంకె ఉన్న డై మీద నాణెం కప్పుకొని ఉన్నప్పుడు ఆ డై బిళ్ళను ముట్టనే ముట్టదు. అంటే నిండు లఖీల 5 అంకె ఉండొద్దు, సంవత్సరం ఉండొద్దు, దాని కింద మింటు గుర్తు అసలే ఉండొద్దు. అంటుకున్న నాణెం పక్కకు జరిగితే సగం లఖీ అయితది, అప్పుడు కప్పని జాగల అవి కనవడొచ్చు. నా దాంట్ల సింహాలు నిండుగ ఉన్నయి, వాటి కిందికెల్లి చెదిరిపోయిన 5 అంకె పొట్ట, రూపాయి గుర్తు మీది గీత కనవడుతున్నయి. ఆయన అంత గొప్పగ చూపెట్టిన స్టారే దొంగ సాక్ష్యం అన్నట్టు.

ఇగ తిప్పి చూస్తే, మంచిగున్నదనుకున్న దిక్కు నడిమి సింహం ముక్కు, జూలు సాపుగ అణిగిపోయి మెరుస్తున్నయి. రెండు నాణేలు జోడించి వైస్‌ల బిగిస్తే ఒకదాని బొమ్మ ఇంకోదాంట్ల దిగుతది, అవతలి దిక్కు ఇనుముకు ఒత్తుకొని చదునైతది. నికెల్ ఇత్తడి కదా, లొంగుతది. సారు వెర్నియర్ పెట్టి అడ్డం కొలిస్తే 23 మిల్లీమీటర్లు ఉండాల్సింది కొంచెం ఎక్కువనే వచ్చింది, ఎందుకంటే మింటుల చుట్టూ కాలర్ (బిళ్ళ సాగకుండ ఆపే కడెం) పట్టి ఉంటది, వైస్‌ల ఏం ఉంటది? ఇగ తూకం 6 గ్రాములు రాక ఏమైతది, అసలు నాణేన్నే నొక్కిరి. లోహం యాడికి పోయింది?

అక్కడ్నే ఫోన్ చేసిన. నేను అన్నది ఒక్కటే మాట: "అన్నా, నాణెంల జర తేడా కొడ్తున్నది, వాపస్ తీస్కోండ్రి." ఆయన ఏమన్నడో వినుండ్రి. "ఏందీ, వైస్‌ల నొక్కింది అంటున్నవా?"

వైస్ అన్న మాట నా నోట్లకెల్లి రాలే. సారు స్పీకర్‌ల ఇంటున్నడు, ఆయనకు నవ్వొచ్చింది, నాకు కాళ్ళు చేతులు వణికినయి. "నేనెప్పుడన్న వైస్ అని?" అని అడిగిన. ఆయనకు గూడ సమజైనట్టుంది, కాసేపు సప్పుడు లేదు. తర్వాత గొంతు మారింది. "నీ చేతుల పడ్డంక నువ్వేం చేసినవో నాకేం ఎర్క? గంత తెలివి ఉంటే హోటల్లనే చూస్కోవాలె. 5 రూపాయలైతే యాడికి పోలే తమ్మీ, దుకాణంల ఇయ్యి, చాక్లెట్లు ఇస్తరు." ఫోన్ పెట్టేసిండు. సాయంత్రానికి బ్లాక్. 4,800 కంటే ఆ చాక్లెట్ల మాటే ఎక్కువ మండుతున్నది.

పాత పోస్టులు మళ్ళ తీసి చూసిన. నడిమి బిళ్ళ తిరగబడ్డ 10 రూపాయలు పెట్టిండు సూడుండ్రి, ఫోటో పెద్దగ చేస్తే అతుకు చుట్టూ స్క్రూడ్రైవర్ గీతలే. అంచు కోసుకపోయిన 2 రూపాయలది గూడ అంతే. మింటుల కోత పడ్డ బిళ్ళకు చాలావరకు సరిగ్గ ఎదురు అంచు గూడ సన్నగ, అణిగి ఉంటది, ఈయనదాంట్ల ఎదురు అంచు నిక్షేపంగ ఉంది. ఆకురాయి పెట్టి రాకినట్టుంది. యాసిడ్ల ముంచినయి గూడ వస్తున్నయట, గవి తూకంల దొరుకుతయి, నొక్కినయి దొరకయి.

నిన్న రాత్రి ఇంకో లఖీ పెట్టిండు, ఈసారి 2 రూపాయల స్టీలుది. కరీంనగర్ తమ్ముడెవరో "లాస్ట్ ఎంతన్నా" అని అడిగిండు. తమ్మీ, పైసలు కొట్టకముందు నీ చేతులకు తీస్కొని కొలువు, 2011 బాపతుదైతే 25 మిల్లీమీటర్లు. గుంతపడ్డ బొమ్మ కింద అంకె నీడ ఏమన్న కనవడ్డదంటే చాయ్ గూడ తాగకుండ లేచిరా. ముట్టనియ్యనంటే అసలు కూసోనే కూసోకు.