డబ్బు అడగాలా, బట్టలు అడగాలా? ఇద్దరు రాణులు, రెండు దారులు

సాయం కోసం కలెక్షన్ మొదలుపెట్టినప్పుడల్లా ఇదే గొడవ, క్యాష్ అడగాలా సామాన్లు అడగాలా అని. నాకైతే డెన్మార్క్‌లో పుట్టి బ్రిటన్ రాణి అయిన అలెగ్జాండ్రా, స్వీడన్‌లో పుట్టి బెల్జియం రాణి అయిన ఆస్ట్రిడ్ గుర్తొస్తారు.

అలెగ్జాండ్రా: 1912 జూన్‌లో రోజ్ డే. వికలాంగులైన అమ్మాయిలు చేత్తో చేసిన చిన్న గులాబీలు లండన్ వీధుల్లో అమ్మారు, డబ్బు హాస్పిటల్స్‌కి వెళ్లింది.
ఆస్ట్రిడ్: 1935లో, ఆర్థిక మాంద్యం టైంలో, పేదల కోసం బట్టలు, తిండి, డబ్బు ఇవ్వమని జనాన్ని అడిగింది. అదే ఏడు ఆగస్టులో కారు ప్రమాదంలో పోయింది, 29 ఏళ్లకే, తల్చుకుంటే మనసు కలుక్కుమంటుంది.

ఖర్చు: గులాబీలకి ముందే పెట్టుబడి కావాలి, పాత బట్టలకి అక్కర్లేదు.
శ్రమ: బట్టలదే ఎక్కువ, ఏరాలి, ఉతకాలి, సైజులు చూడాలి, మోయాలి.
రిస్క్: డబ్బాలో పడిన ప్రతి పైసాకీ లెక్క చెప్పాలి, బట్టల్లో చిరిగినవి వస్తాయి.

గులాబీల్లో నాకు బాగా నచ్చింది, చేసిన అమ్మాయిలకి కూడా పని దొరకడం.

చలి, వరద లాంటి అర్జెంట్ అవసరం, అదీ దగ్గర్లోనే అయితే ఆస్ట్రిడ్ దారి. హాస్పిటల్ లాగా ఏటేటా నడవాల్సిన దానికి అలెగ్జాండ్రా దారే.