ఫోన్‌కు అంటించే ‘యాంటీ రేడియేషన్’ స్టిక్కర్లతో జాగ్రత్త: విశాఖ కొనుగోలుదారులకు హెచ్చరిక

ఎంవీపీ కాలనీ, సీతమ్మధార అపార్టుమెంట్లలో ఆదివారాలు ఇంటింటికీ తిరుగుతూ, సెల్‌ఫోన్ వెనుక అంటించే ‘యాంటీ రేడియేషన్’ స్టిక్కర్లు అమ్ముతున్న వారి విషయంలో అందరూ జాగ్రత్తగా ఉండాలని కోరుతున్నాను. నీట్‌కో, జేఈఈకో చదువుతున్న పిల్లలున్న ఇళ్లనే వీరు వాకబు చేసుకుని వస్తున్నారు. వైఫై తరంగాల వల్ల జ్ఞాపకశక్తి తగ్గుతుందని, కోపం, చిరాకు పెరుగుతాయని, స్టిక్కరుతో నెలలోపే మార్పు కనిపిస్తుందని చెబుతున్నారు. మా ఇంట్లోని ఫోన్లకు, రూటరుకు కలిపి నాలుగు వేల రూపాయలకు పైగా తీసుకుని, జీఎస్టీ నంబరు లేని చీటీ ఒకటి చేతిలో పెట్టారు. డబ్బు తిరిగి ఇమ్మని అడిగాక ఫోన్ ఎత్తడమే మానేశారు.

నమ్మించేది వారి మాటలకంటే, వారు వెంట తెచ్చే రేడియేషన్ కొలిచే మీటరు. ఫోన్ నుంచి కాల్ చేసి మీటరు దగ్గర పెడితే అంకె ఎగబాకుతుంది. స్టిక్కరు అంటించి, కాసేపు కబుర్లు చెప్పి మళ్లీ చూపిస్తే పడిపోతుంది. నిజానికి కాల్ కలిసే సమయంలో ఎక్కువ శక్తితో ప్రసారం చేసిన ఫోన్, సిగ్నల్ బాగుంటే టవరు ఆదేశం మేరకు ఆ శక్తిని తగ్గించుకుంటుంది కనుక, స్టిక్కరు లేకపోయినా అంకె పడిపోవచ్చు. స్టిక్కరు తీసి మళ్లీ చూపమని మా పొరుగువారు అడిగితే మీటరులో బ్యాటరీ అయిపోయిందన్నారు! ఒకవేళ స్టిక్కరు తరంగాలను నిజంగానే అడ్డుకుంటే, టవరును అందుకోవడానికి ఫోన్ మరింత శక్తిని వాడవలసి వస్తుంది. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కూడా వినియోగదారులను ఈ విషయంలోనే హెచ్చరించింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘నిర్ధారించింది’ అంటూ వారు ఒక కాగితం చూపుతారు. ఆ సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2011 మేలో ఈ తరంగాలను 2బి వర్గంలో, అంటే పరిమిత ఆధారాలతో ‘క్యాన్సర్ కారకం అయ్యే అవకాశం ఉన్నవి’ అనే వర్గంలో చేర్చిన మాట నిజమే కానీ, అది నిర్ధారణ కాదు. అదే ఏడాది అమెరికాలో 47 మందిపై జరిగిన అధ్యయనంలో, 50 నిమిషాలు ఫోన్ ఆన్‌లో ఉంచితే యాంటెన్నాకు దగ్గరగా ఉన్న మెదడు భాగంలో గ్లూకోజ్ వినియోగం సుమారు 7 శాతం పెరిగిందని తేలింది. దాని వల్ల ఆరోగ్యానికి ఏమవుతుందో తెలియదని పరిశోధకులే రాశారు. ఆ అధ్యయనం నుంచి పిల్లవాడి కోపానికి, మార్కులకు దారి తీయడం వీరి సొంత కల్పన. రాత్రి ఒంటిగంట దాకా రీల్స్ చూసే పిల్లవాడి నిద్రలేమికి రూటరును నిందించడం, నా దృష్టిలో, అసలు కారణాన్ని వదిలేయడమే.

స్టిక్కర్లతో పాటు మెడలో వేసుకునే ‘ఎనర్జీ’ పెండెంట్లను కూడా అంటగడుతున్నారు. వాటిని మాత్రం పిల్లలకు అసలు వేయవద్దు. ఇటువంటి పెండెంట్లు, కంకణాలతో సహా పది వస్తువుల నుంచి హానికర అయనీకరణ వికిరణం (శరీర కణాలను దెబ్బతీయగల రేడియేషన్) వెలువడుతోందని 2021 డిసెంబరులో నెదర్లాండ్స్ అణుభద్రతా సంస్థ ప్రకటించి, వాటిని వాడవద్దని కోరింది.

మన దేశంలో ఫోన్ల ఎస్‌ఏఆర్ (ఫోన్ తరంగాల శక్తిని శరీరం ఎంత గ్రహిస్తుందో చెప్పే కొలత) పరిమితి కిలోకు 1.6 వాట్లు, చాలా ఫోన్లలో *#07# నొక్కితే ఆ ఫోన్ ఎస్‌ఏఆర్ ఎంతో కనిపిస్తుంది. అయినా సందేహం తీరనివారు స్పీకరులోనో, ఇయర్‌ఫోన్‌తోనో మాట్లాడవచ్చు, దానికి ఖర్చేమీ లేదు. ఇప్పటికే కొన్నవారు చీటీని, యూపీఐ చెల్లింపు వివరాలను భద్రపరచుకుని, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు.