కంపెనీ వీసానా, విజిట్ వీసానా? దుబాయి పోయే ముందు ఒక లెక్క

"మామా, ఇప్పుడు కరోనా టెస్టులు లేవట, క్వారంటైన్ లేదట. విజిట్ మీద పదిహేను రోజుల్ల పంపిస్తా అంటుండు ఏజెంటు. కంపెనీ వీసా అయితే రెండు నెలలు పడుతదట. ఏది మేలు?"

2022 ఏప్రిల్‌లో మా మేనల్లుడు అడిగిన ప్రశ్న ఇది. జగిత్యాల చుట్టుపక్కల ఊళ్లలో అప్పుడు ఏ చాయ్ దుకాణం ముందు నిలబడ్డా ఇదే ముచ్చట. 2020 మార్చిలో ఆగిన రెగ్యులర్ అంతర్జాతీయ విమానాలు 2022 మార్చి 27న మళ్లీ మొదలయ్యాయి. రెండు డోసులు వేసుకొని క్యూఆర్ కోడ్ ఉన్న టీకా సర్టిఫికెట్ చూపిస్తే యూఏఈ (దుబాయి, షార్జా ఉన్న దేశం) అప్పటికే పీసీఆర్ టెస్టు అడగడం మానేసింది. సౌదీ కూడా మార్చి మొదట్లోనే టెస్టును, క్వారంటైన్‌ను ఎత్తేసింది. 2021లో సౌదీ చేరడానికి మాల్దీవుల్లోనో నేపాల్‌లోనో 14 రోజులు కూర్చొని, ఆ హోటల్ బిల్లుకే అప్పు చేసినవాళ్లు మా ఊళ్లోనే ఉన్నారు. అందుకే అప్పుడు అందరికీ తొందర. కానీ నియమాలు సడలింది ముక్కులో పుల్ల పెట్టే దగ్గరే. వీసా కాగితం దగ్గర ఏమీ సడలలేదు.

కంపెనీ వీసా అంటే అక్కడి కంపెనీయే తీసే పని వీసా, విజిట్ అంటే చూడ్డానికి పోయే వీసా. ముందు ఖర్చు చూద్దాం. రిజిస్టర్డ్ ఏజెంటు మన దగ్గర తీసుకోవాల్సింది గరిష్ఠంగా 30,000, దానిమీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400 రూపాయలు. ఇంతకే పంపే ఏజెంటును నేనైతే చూడలేదు. ఎంత ఇచ్చినా రసీదు మాత్రం అడగండి. విజిట్‌కు వీసా, టికెట్ కలిపి చూస్తే చవకే అనిపిస్తుంది. అసలు ఖర్చు అక్కడ దిగాక మొదలవుతుంది. పని దొరికేదాకా బెడ్‌స్పేస్ (గదిలో ఒక మంచం) కిరాయి, మెస్సు, బస్సు, గడువు దాటితే రోజుకింత జరిమానా. నూటికి 2 రూపాయల మిత్తికి లక్ష తెచ్చినవాడికి జీతం మొదలుకాకముందే నెలకు 2,000 మీద పడుతుంది. కంపెనీ వీసాలో ఉండే క్యాంపు, పనికి పోయే బండి సాధారణంగా కంపెనీవే. 2022 నాటి లెక్కన దిర్హాముకు ఇరవై రూపాయల చొప్పున 1,200 దిర్హాముల జీతమంటే 24,000 రూపాయలు. విజిట్ మీద పోయి అందులో 500 దిర్హాములు బెడ్‌స్పేస్‌కే పోతే ఇంటికి పంపేదెంతో లెక్క వేసుకోండి.

ఇక పాస్‌పోర్టు. పదో తరగతి పాస్ కానివాళ్లది సాధారణంగా ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే దేశం దాటే ముందు ఎమిగ్రేషన్ తనిఖీ తప్పనిసరి అయినది. గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకు వీళ్లు పనికి పోవాలంటే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్‌లో ఎమిగ్రేషన్ క్లియరెన్స్ ఉండాలి. దాంతోపాటు ప్రవాసీ భారతీయ బీమా: రెండేళ్లకు 275 రూపాయలు, పైన పన్ను. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అవిటివాళ్లయినా 10 లక్షలు వస్తాయి. విజిట్ మీద పోయినవాడికి ఈ రెండూ లేవు. ఈసీఆర్ పాస్‌పోర్టుతో విజిట్ మీద వెళ్తూ శంషాబాద్‌లో ఇమిగ్రేషన్ దగ్గరే ఆగిపోయి, టికెట్ డబ్బు పోగొట్టుకుని బస్సెక్కినవాళ్లు తక్కువేం కాదు.

విజిట్ వీసా మీద పని చేయడం యూఏఈలో నేరం. 2022 ఫిబ్రవరి 2న అమల్లోకి వచ్చిన కార్మిక చట్టం ప్రకారం, 2024లో చేసిన సవరణతో, పర్మిట్ లేకుండా పని చేయించుకున్న యజమానికి లక్ష నుంచి 10 లక్షల దిర్హాముల దాకా జరిమానా. తనిఖీకి వస్తే ఆ యజమాని చేసే మొదటి పని "వీడెవడో నాకు తెలియదు" అనడం. జీతం రాలేదని కార్మిక శాఖకు పోదామంటే పర్మిట్టే లేదు. ఆపైన మిగిలేది కల్లివెల్లి బతుకు, అంటే కాగితాల్లేకుండా దాక్కుని బతకడం, క్షమాభిక్ష కోసం ఎదురుచూపు.

ఆజాద్ వీసా (ఒకరి పేరుమీద వీసా తీసుకుని, పని బయట చూసుకునేది) గురించి రెండు ముక్కలు చాలు. పేరుకే ఆజాదు. ఏటా కఫీల్‌కు, అంటే ఆ వీసా ఇచ్చినవాడికి, కట్టాలి. సౌదీలో అతనికి కోపమొచ్చి హురూబ్ (పారిపోయాడన్న ఫిర్యాదు) పెడితే ఇకామా (అక్కడ ఉండే పర్మిట్) ఉండీ దొంగవే.

అయితే విజిట్ ఎవరికీ పనికిరాదనను. పదో పైన చదివి, చేతిలో ఎలక్ట్రీషియన్ పనో అకౌంట్సో ఉండి, అక్కడ అన్నో బావమరిదో మూడు నెలలు అన్నం పెట్టగలిగి, తిరుగు టికెట్ డబ్బు విడిగా దాచుకున్నవాడు ఇంటర్వ్యూలకు పోయి చూసి రావచ్చు. యజమానిని కళ్లతో చూసి ఒప్పుకోవచ్చు, అది కంపెనీ వీసాలో దొరకని సుఖం. ఉద్యోగం ఖాయమయ్యాక వీసా మారేదాకా మాత్రం పనిలోకి దిగకూడదు.

కంపెనీ వీసాలోనూ గోతులున్నాయి. నేను పదకొండేళ్లు షార్జాలో చేసి, 2020లో కరోనాప్పుడు మనవాళ్లను తెచ్చిన వందే భారత్ విమానంలో తిరిగొచ్చాను. నాకు రావాల్సిన లెక్క తర్వాత పంపుతామన్న కంపెనీ ఇప్పటికీ పంపలేదు. అప్పుడు కాగితం తీసి చూస్తే కనబడింది: నా జీతంలో బేసిక్ సగమే, మిగిలిందంతా అలవెన్సు. గ్రాట్యుటీ (పని మానేటప్పుడు ఇచ్చే సొమ్ము) బేసిక్ మీదే కడతారు, మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్. అదే 1,200 జీతంలో బేసిక్ 1,000 అయితే ఏడాదికి 700 దిర్హాములు, 600 అయితే 420. నాలుగేళ్లకు తేడా 1,120. మరో సంగతి. 2020 సెప్టెంబరులో కేంద్రం గల్ఫ్‌కు పోయే మనవాళ్ల కనీస వేతనాలను తగ్గించి, యూఏఈకి నెలకు 200 డాలర్లు చేసింది. గోల జరిగి, హైకోర్టు దాకా పోయాక, 2021 జులైలో వెనక్కి తీసుకుంది. ఆ పాత తగ్గింపు చూపించి "రేటు ఇంతే" అనే ఏజెంటు మాట నమ్మొద్దు.

అప్పట్లో టీకా సర్టిఫికెట్‌లో పేరు కూడా చూసుకోవాల్సి వచ్చేది. మన ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. టీకాల వెబ్‌సైటు కోవిన్‌లో పాస్‌పోర్టు నంబరు చేర్చి, పేరు సరిచేసుకోవడం ఇంట్లో కూర్చునే అయ్యేది. విమానాశ్రయం కౌంటర్ దగ్గర అది కుదిరేది కాదు.

మేనల్లుడికి చెప్పింది ఇదే: నీది ఈసీఆర్, అక్కడ మనవాళ్లెవరూ లేరు, తెచ్చేది మిత్తి పైసలు. నీకు కంపెనీ వీసానే. రెండు నెలలు ఆగు. ఏజెంటు లైసెన్సు నంబరు ఈ-మైగ్రేట్‌లో ఉందో లేదో చూడు. వాడు ఊఁ అనలేదు, కాదనీ అనలేదు. ఆదివారం కాంట్రాక్టు కాగితం పట్టుకొస్తానన్నాడు. అరబ్బీలో ఉన్న వైపు కూడా జిరాక్స్ తీయించుకుని రమ్మన్నాను.