రెండున్నరేళ్ల వీడియో థెరపీ: ఇయర్‌ఫోన్ నా చెవిలోనే

మా బాబుకి ఆటిజం. వాడికి నాలుగేళ్లున్నప్పుడు అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్, అంటే అందరూ ఏబీఏ అనేది, వీడియో కాల్‌లో మొదలుపెట్టాం. పిల్లల ప్రవర్తనకి ముందూ తర్వాతా ఏం జరుగుతుందో చూసి, దాన్నిబట్టి కొత్త అలవాట్లు నేర్పే థెరపీ అది. ఇప్పుడు వాడికి ఆరున్నర.

మొదటి రోజు వాణ్ణి స్క్రీన్ ముందు కూర్చోబెట్టాను. అర నిమిషం కూడా కూర్చోలేదు. "బాబుని ఆడుకోనివ్వండి అమ్మా, ఇయర్‌ఫోన్ మీరు పెట్టుకోండి" అన్నారు థెరపిస్ట్. శిక్షణ వాడికంటే ముందు నాకని అప్పుడు తెలిసింది. తను ఎదురుగా చేసి చూపించడం, నేను చేయడం, తప్పు దిద్దించుకుని మళ్లీ చేయడం. మొదటి నెలంతా ఇదే.

మాకు పెద్ద సమస్య పళ్లు తోమడం. బ్రష్ కనబడితే చాలు, కేకలు, మణికట్టు కొరుక్కోవడం. నేను మొండితనం అనుకున్నాను. రెండు వారాలు కాగితం మీద మూడు గళ్లు గీసి రాయించారు: ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, తర్వాత మేమేం చేశాం. మూడో గడిలో రోజూ ఒకటే మాట, "బ్రష్ పక్కన పెట్టేశాం". కొరుక్కుంటే పని ఆగుతుందని వాడికి మేమే నేర్పాం. ఆ కాగితం చూసి ఏడ్చాను.

తర్వాత వాడి చేతికి ఒక ఎర్ర కార్డు ఇచ్చాం. అది ఇస్తే "కాసేపు ఆగు" అని అర్థం. మొదట్లో ఇచ్చిన ప్రతిసారీ వెంటనే ఆపాం. అలవాటయ్యాక పై పళ్లు తోమేదాకా ఆగమన్నాం. కేకలకి పని ఆగకపోయేసరికి మొదటి నాలుగు రోజులు అవి ఇంకా పెరిగాయి. అలా పెరుగుతాయని ముందే చెప్పి, ఆ నాలుగు రోజులూ కాల్‌లో ఉన్నారు కాబట్టి నిలబడ్డాను. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో వ్యాకర్ అనే పరిశోధకుడి బృందం ఇలాగే తల్లిదండ్రులకు వీడియోలో నేర్పించి, ఆ ఫలితాలను 2013లో ప్రచురించింది. మా స్నానాల గదిలో జరిగిందీ అదే పద్ధతి. క్లినిక్‌లో నేర్చుకున్నది ఇంటికి రాదని చాలామంది బాధపడతారు. మాకు ఆ బెంగ లేదు, నేర్చుకున్నదే ఇంట్లో.

ఇబ్బందులూ ఉన్నాయి. మాట ఒకటి రెండు సెకన్లు ఆలస్యంగా వినబడేది. "ఇప్పుడు మెచ్చుకోండి" అన్నది నా చెవిన పడేసరికి వాడు మళ్లీ అరుస్తుండేవాడు, నేను ఆ అరుపుని మెచ్చుకున్నట్టయ్యేది. అందుకని ఏం చేయాలో ముందే మాట్లాడుకుని, సెషన్‌లో తను మౌనంగా చూసి, అయిపోయాక చెప్పడం మొదలుపెట్టారు. ఈ ఒక్క మార్పుతో సగం గందరగోళం పోయింది. ట్యాబ్లెట్ వాడికిష్టమైన బహుమతి కావడంతో దానిలో కాల్ పెట్టలేకపోయాం. ల్యాప్‌టాప్‌ని బీరువా మీదకెక్కించాం.

చేయి పట్టి చేయించాల్సినవి, పెదవుల కదలిక చూపించి మాట పలికించడం వీడియోలో మాకు కుదరలేదు. వాటికి వారానికోసారి నేరుగా వెళ్తున్నాం. తనని తాను గట్టిగా గాయపరచుకునే బిడ్డైతే పక్కన మనిషి లేకుండా ఇది మొదలుపెట్టొద్దని గట్టిగా చెబుతాను.

ఇంకొకటి. కళ్లలోకి చూడమని బలవంతపెట్టడం వద్దని మొదట్లోనే అడిగాను. చిన్నప్పుడు అలాంటి శిక్షణ పొందిన ఆటిస్టిక్ పెద్దలు రాసుకున్న బాధ చదివాను కనుక. థెరపిస్ట్ ఒప్పుకుని, వాడు ముఖం తిప్పుకుంటే ఆపేయాలని కూడా ప్రణాళికలో రాశారు.

ఇప్పుడు నెలకి రెండు కాల్స్ చాలుతున్నాయి. ఎర్ర కార్డు బ్రష్ పక్కనే ఉంది. వాడు దాన్ని ఎక్కువగా వాడట్లేదు, "ఆగు" అని నోటితోనే అంటున్నాడు.